బండికి కొత్త రెగ్యులేటరు

2003 మే 21. కోలారు ఆసుపత్రి.

బతికే ఉన్నాడు.

మే 22

ఇది 2001వ సంవత్సరం డైరీ. గనులు మూసేసిన ఏడాది కంపెనీ వాళ్ళు ఆఖరుసారి పంచిపెట్టింది. ఇంట్లో పెట్టెలో ఊరికే పడి ఉంటే, బండిలో సరుకుల చీటీలు రాసుకోవడానికి తెచ్చుకున్నాను. బండిలో మిగిలిన బట్టలతో పాటు తోటవాళ్ళు నిన్న పంపారు. అట్ట ఒక మూల కమిలింది, లోపలి కాగితాలకి ఏమీ కాలేదు. అచ్చు వేసిన తారీఖులు కొట్టేసి రాస్తున్నాను. ఎవరికీ చూపించడానికి కాదు. చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయి.

మొన్న పొద్దున ఆరున్నరకి, శ్రీనివాసపురం దగ్గర చౌడప్ప మామిడితోటలో, మేము ఊర్లు తిరిగే మేటడారు వ్యాను అంటుకుంది. మా ఆయన గోపాలప్పకి కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది. ఎడమచేతి వేళ్ళు, ముఖం కూడా. కనుబొమలు లేవు. కనుబొమలు లేకపోతే మనిషి ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టు ఉంటాడని ఇప్పుడే తెలిసింది. ముప్పై ఏళ్ళుగా చూస్తున్న ముఖాన్ని గుర్తుపట్టడానికి నాకు ఒక క్షణం పట్టింది.

పెద్ద చప్పుడేమీ కాలేదు. బరువైన దుప్పటిని ఎవరో ఒక్కసారి దులిపినట్టు బుస్సుమంది, అంతే. నేను పది అడుగుల దూరంలో బియ్యం కడుగుతున్నాను. తల ఎత్తేసరికి బండి వెనక తలుపులోంచి మంట బయటికి వచ్చి మళ్ళీ లోపలికి పోయింది. ఆయన అక్కడే, చాపిన చెయ్యి చాపినట్టే నిలబడి, ఆ చేతినే చూసుకుంటున్నాడు.

"లచ్చుమీ, దగ్గరికి రావద్దు. ఆడే నిలబడు" అన్నాడు. మామూలు గొంతుతోనే అన్నాడు, పాలు పొంగుతున్నాయని చెప్పినట్టు.

చౌడప్ప, కాయలు కోసే కూలీలు పరిగెత్తుకొచ్చి నీళ్ళు, మట్టి చల్లి మంట ఆర్పారు. ఆయన తన కాళ్ళతోనే నడిచి కాయల లారీ ఎక్కాడు. బుట్టల మధ్య గోనెపట్టా మీద కూర్చున్నాడు. కోలారు దాకా ఒక్క మాట మాట్లాడలేదు. నేను మాత్రం వాగుతూనే ఉన్నాను. ఏం వాగానో ఒక్క ముక్క గుర్తులేదు. చేతిలో ఇంకా బియ్యం గిన్నె ఉందని ఆసుపత్రి మెట్ల దగ్గర లారీ డ్రైవరు చెబితే చూసుకున్నాను.

రెగ్యులేటరు కొత్తది. కొని నాలుగు రోజులు కూడా కాలేదు. దానికేమీ లేదు.

మే 23

పొద్దున ఆసుపత్రిలో వివరాలు రాసుకునే ఆమె వచ్చింది. అంటుకోక ముందు గ్యాసు వాసన వచ్చిందా అమ్మా అని అడిగింది. రాలేదు అన్నాను. అది నిజమే. ఆమె అలాగే రాసుకుంది.

మధ్యాహ్నం మా మరిది సీనప్ప మారికుప్పం నుంచి వచ్చాడు. వాళ్ళ అన్నని చూసి బయటికి వచ్చి గోడకి ఆనుకుని కాసేపు నిలబడ్డాడు.

"ఎట్లయింది వదినా?"

"పొద్దున్నే క్యాండిల్ పట్టినాడప్పా, ఎప్పటి మాదిరి."

"గ్యాసుకి క్యాండిలా?" అన్నాడు సీనప్ప. "ఎవురైనా పడతారా వదినా? ఇస్కూలు మొగం చూడనోడు గూడా పట్టడే."

నేను ఏమీ అనలేదు. అనకపోవడం కూడా ఒక మాటేనని సాయంత్రానికి అర్థమైంది. రాత్రికల్లా మారికుప్పంలో మా గని కూలీల లైను ఇళ్ళన్నిటికీ ఆ మాటే చేరిపోతుంది.

మే 24

క్యాండిల్ సంగతి.

మా ఆయన గనిలో మేస్త్రి. ఇరవైఎనిమిది ఏళ్ళు భూమి కింద పనిచేశాడు. రాయి పేల్చిన తర్వాత లోపలికి ముందు పోయేది ఆయనే. కంపెనీ బ్యాటరీ లైటు ఇచ్చినా వాళ్ళ నాన్న నేర్పిన పద్ధతి వదల్లేదు. ఒళ్ళు బయట ఉంచి, చెయ్యి మాత్రం ముందుకు చాపి, వెలిగించిన క్యాండిల్‌ని నేలకి దగ్గరగా పట్టడం. మంట నిలబడితే గాలి మంచిది. ఆరిపోతే చెడ్డగాలి, అందరూ వెనక్కి. మాది బంగారు గని. అక్కడి చెడ్డగాలి మనిషిని చంపుతుంది కానీ మంటని ఆర్పుతుంది. వంటగ్యాసు అలా కాదు. ఆ తేడా ఆయన చేతికి ఎవరూ చెప్పలేదు.

గనులు మూసేశాక అందరూ ఆ డబ్బుతో ఇల్లో అంగడో పెట్టుకుంటే, ఈయన పాత మేటడారు కొన్నాడు. లోపల బల్లమంచం, నీళ్ళ డ్రమ్ము, రెండు పొయ్యిల స్టవ్వు, చిన్న సిలిండరు పెట్టించాడు. ఇంతకాలం ఆకాశం కనపడకుండా బతికాను, ఇంక తిరగతాను అన్నాడు. లైనులో వాళ్ళు నవ్వారు. బాలవాడిలో పిల్లల చేత అఆలు దిద్దించే ఉద్యోగం మానేసి నేనూ ఎక్కాను. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను, అది వేరే సంగతి.

కొత్తలో బండిలో ఈ క్యాండిల్ గొడవ లేదు. ఏడాదిన్నరగా పట్టుకుంది. రోజూ పొద్దున నేను స్టవ్వు వెలిగించబోయే ముందు వెనక తలుపు తీసి, చెయ్యి చాపి, నేల పొడుగునా క్యాండిల్ తిప్పుతాడు. "నువ్వు బయటే ఉండు" అంటాడు. వయసు మీద పడి గని గుర్తొస్తోంది పాపం అనుకునేదాన్ని. "ఇది గని కాదప్పా, మేటడారు" అని వెక్కిరించేదాన్ని కూడా.

రెగ్యులేటరు ముళబాగిలులో కొన్నాం. అంగడాయన ఏది ఇస్తే అది తెచ్చాను.

మే 25

కట్టు మార్చారు. నన్ను బయటికి పొమ్మన్నారు. బయట నిలబడితే మాత్రం వినపడదా?

ముప్పై ఏళ్ళలో ఆయన అరవగా నేను వినలేదు.

మే 26

పక్క మంచం అతని భార్య అక్కయమ్మ మంచిది. నేను రొట్టె తింటుంటే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని చూసింది.

"ఈ కంపులో నీకెట్ల పోతాదమ్మా లోపలికి? నాకు నీళ్ళు గూడా దిగలే" అంది.

"ఆకలికి కంపు ఏముంది అక్కా" అన్నాను. మంచి జవాబే.

అంగడాయన రెండు రెగ్యులేటర్లు చూపించాడు. నేను ఒకటి తీసుకున్నాను. తెచ్చి సిలిండరుకి బిగిస్తే సరిగ్గానే కూర్చుంది.

మే 27

ఓబలప్ప వచ్చాడు. మా ఆయన గ్యాంగులో ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషి. అరటిపళ్ళు తెచ్చాడు. మంచం దగ్గర నిలబడి నవ్వించబోయాడు.

"ఏం మేస్త్రీ, ఇన్నేండ్లు పట్టుకున్న క్యాండిల్ నిన్నే కాల్చిందే" అన్నాడు. ఆ మాట అని, వెంటనే తానే ఏడ్చాడు.

తర్వాత వరండాలో నాతో అన్నాడు, "మా గ్యాంగులో ఒక్కడు పోలేదమ్మా. పక్క గ్యాంగుల్లో పోయినారు. మాదాంట్లో ఒక్కడు గూడా లేదు. మేస్త్రి ముందు పోయి రమ్మంటేనే మేము పోయేది. ఇప్పుడు జనాలు ఏమంటాండారో తెలుసునా? మేస్త్రికి బుద్ధి చెడింది అంటాండారు. నేను కొట్లాడి వచ్చినా."

లోపలికి వెళ్ళేసరికి ఆయన కళ్ళు తెరిచే ఉన్నాడు. అంతా విన్నాడేమో.

మే 28

విన్నాడు. పొద్దున సీనప్పని పిలిచి, "నాదే తప్పు. బండి అమ్మేయి. నా చేతిని ఇంగ నమ్మేదానికి లేదు" అన్నాడు.

బండి లోపల పరుపు, పరదాలు కాలాయి, ఇంజనుకి ఏమీ కాలేదు. కాయలు మండీకి తోలుకోవడానికి చౌడప్ప అడుగుతున్నాడట.

"మంచి మాట చెప్పినావు అన్నా" అన్నాడు సీనప్ప.

నేను అక్కడే ఉన్నాను, గ్లాసులో చెంచా తిప్పుతూ. చక్కెర కరిగిపోయాక కూడా తిప్పుతూనే ఉన్నాను.

మే 29

పాత రెగ్యులేటరు బూదికోట దగ్గర పాడైంది. కోట పక్కన బండి ఆపుకుని ఉన్నాం. పొద్దున ఆయన క్యాండిల్ పడితే రెగ్యులేటరు అంచున నాలుకంత నీలం మంట లేచింది. ఉఫ్‌మని ఊదేసి, సిలిండరు కట్టేసి, చూశావా నా క్యాండిల్ అన్నట్టు నా వైపు చూశాడు. నేను రెండు అడుగులు వెనక్కి వేశాను, ఆయనకి మాత్రం ధైర్యం వచ్చింది. తర్వాత ఆ పాత రెగ్యులేటర్ని బండ మీద పెట్టి రాయితో పచ్చడి చేశాడు. గనిలో అదొక కట్టుబాటు. చెడిపోయిన సామాను మళ్ళీ ఎవరి చేతికీ రాకూడదు, చూసినవాడే పగలగొట్టాలి. అందుకే ముళబాగిలు అంగడికి కొలతకి చూపించడానికి నా దగ్గర పాతది లేదు. అది నా తప్పు కాదు.

కొత్తది కొంచెం ఆడింది. కొత్త వస్తువు ఏదైనా మొదట కొంచెం ఆడుతుంది.

మే 30

ఏమీ రాయను.

జూన్ 1

రాసేస్తాను. లేకపోతే రేపు ఇంకోరకంగా రాస్తాను.

మే 17న ముళబాగిలులో హైవే పక్కన బండి ఆపాం. ఆయన సైలెన్సరు చూసుకోవడానికి బండి కిందికి దూరాడు. నేను రోడ్డు దాటి స్టవ్వులు రిపేరు చేసే ఆంజినప్ప అంగడికి వెళ్ళాను. ఆంజినప్ప బల్ల మీద రెండు రెగ్యులేటర్లు పెట్టాడు. చూడటానికి రెండూ ఒకేలా ఉన్నాయి. ఒకటి కొంచెం బరువు.

"మీ సిలిండరు ఏ కంపెనీదమ్మా? కంపెనీకొక మూతి ఉంటాది. రెండూ చూసేకి ఒకటే, కూర్చునేది వేరే" అన్నాడు.

నాకు కంపెనీ పేరు తెలియదు. తెలియదని చెప్పడం నాకు చిన్నతనం. బరువుగా ఉన్నది చేతిలోకి తీసుకుని, "ఇదే, ఇది గట్టిగా ఉండాది" అన్నాను.

ఆంజినప్ప నవ్వాడు. "బరువు చూసి కొనేదానికి ఇదేం మామిడికాయ కాదమ్మా. బండి ఆడనే ఉండాది గదా. సిలిండరు ఎత్తుకోని రాండి, పెట్టి చూసి ఇస్తాను. ఐదు నిమిషాల పని."

నాకు రోషం వచ్చింది. అంగట్లో ఇంకో ఇద్దరు ఉన్నారు. ముప్పై ఏళ్ళు వంట చేసినదాన్ని, నాకు చెప్పొచ్చాడు అనుకున్నాను. అదే కావాలని పట్టుబట్టి తెచ్చాను.

అది సిలిండరు మూతి మీద కూర్చోలేదు. కూర్చున్నట్టు టక్కుమంది కానీ పట్టుకుని ఊపితే ఊగింది. మళ్ళీ రోడ్డు దాటి ఆ అంగడికి వెళ్ళి ఆ నవ్వు చూడటం నా వల్ల కాలేదు. పాత చీర అంచు చింపి, తడిపి, దాని మెడకి గట్టిగా చుట్టాను. ఊగడం ఆగింది. ఆయన బండి కింది నుంచి వచ్చి "అయిందా?" అంటే "అయింది" అన్నాను. ఆయన చూడలేదు. నేను అయిందంటే ఆయనకి అయినట్టే.

చౌడప్ప తోటకి వచ్చాక మూడు రోజులు ఏమీ కాలేదు. పగలంతా తలుపులు తెరిచే ఉండేవి. నాబు తిప్పితే గుడ్డ ఊడి వస్తోందని సిలిండరు దగ్గర గ్యాసు కట్టేయకుండా స్టవ్వు దగ్గరే ఆపేదాన్ని. 19వ తేదీ సాయంత్రం గాలివాన వచ్చింది. బండి తలుపులు, కిటికీలు అన్నీ మూసి చౌడప్ప ఇంట్లో పడుకున్నాం. తెల్లారి ఆయన ఎప్పటిలాగే క్యాండిల్ వెలిగించాడు. తలుపు తీసే ముందు నన్ను అడిగాడు.

"వాసన ఏమన్నా ఉండాదా లచ్చుమీ?"

"లేదు" అన్నాను.

నాకు వాసన తెలియదు. రెండేళ్ళయింది. గనులు మూసిన ఏడాది వచ్చిన జ్వరంతో పోయింది. మల్లెపూలు, కిరసనాయిలు, మాడిన అన్నం, అన్నీ ఒకటే నాకు. వంట చేసేదానికి ముక్కు లేదంటే ఎవరు తింటారని ఎవరికీ చెప్పలేదు. కళ్ళతో చూసి, నాలుక మీద వేసుకుని నెట్టుకొస్తున్నాను. ఆయన ముక్కు గని దుమ్ముకి ఎప్పుడో పోయింది, ఆ సంగతి ఊరందరికీ తెలుసు. నాది ఉందనే కదా నన్ను అడిగాడు.

ఇదీ జరిగింది. ఇప్పుడు బుద్ధి చెడిందని పేరు ఆయనకి వచ్చింది. బండి పోతోంది. ఆ పేరుతో ఆయన ఎక్కువ రోజులు బతకడు. నాకు తెలుసు. నేను నోరు తెరిస్తే ఆయన పేరు ఆయనకి వస్తుంది, నా మొగుడు నాకు ఉండకపోవచ్చు.

జూన్ 2

చెప్పాను. పొద్దున రాగిగంజి తాగించాక, మూతి తుడిచి, అంతా చెప్పాను. అంగడి, నవ్వు, గుడ్డ, నాబు. ముక్కు సంగతి చివర్లో చెప్పాను.

"గుడ్డ చుట్టినావా?" అన్నాడు.

"చుట్టినాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు నవ్వుతావని."

 కనుబొమలు లేని ఆ ముఖంలో కోపం ఎక్కడ ఉందో కూడా నాకు తెలియలేదు.

"మా గ్యాంగులో అయితే నిన్ను ఇంగోసారి గనిలోకి దిగే కేజ్ ఎక్కనియ్యను" అన్నాడు. "తప్పు చేసినోడిని ఎక్కనిస్తాము. దాచినోడిని ఎక్కనియ్యము."

గోడ వైపు తిరిగాడు. నాతో ఆయన ఇంత మాట ఎప్పుడూ అనలేదు.  వెళ్ళి వరండాలో కూర్చున్నాను. న్యాయంగానే అన్నాడు. అందుకే అంత నొప్పి.

జూన్ 3

నా చేత తినలేదు. అక్కయమ్మ తినిపిస్తే తిన్నాడు.

సీనప్పకి చెప్పాను. టీ గ్లాసు పట్టుకుని మొత్తం విన్నాడు. కొడతాడేమో అనుకున్నాను. అతను అన్నది వింటే కొట్టినా బాగుండేది.

"వదినా, ఎట్లాగూ అన్న తనదే అని ఒప్పుకున్నాడు గదా. అట్లే ఉండనీ. గని మనిషి, క్యాండిల్ పట్టినాడు అంటే జనం ఒక నవ్వు నవ్వి మరిచిపోతారు. పెండ్లామే చేసింది అంటే ఇంటికి ఎంత చెడ్డపేరు?"

"మీ అన్నకి వచ్చిన పేరు ఇంటికి కాదా?"

"అన్న మొగోడు, ఓర్చుకుంటాడు."

నిన్నటిదాకా నేను చేసింది కూడా సరిగ్గా ఇదే. వేరేవాళ్ళ నోట్లో వింటే గానీ దాని రంగు తెలియలేదు. అరటిపళ్ళతో మళ్ళీ వచ్చిన ఓబలప్పని అక్కడే నిలబెట్టి, సీనప్ప వద్దు వద్దంటున్నా మొత్తం చెప్పాను. నర్సులు వినేలా చెప్పాను. మేస్త్రి తప్పు లేదు, రెగ్యులేటరు నేనే కొన్నాను, గుడ్డ నేనే చుట్టాను, వాసన లేదని నేనే అన్నాను, పోయి లైనులో చెప్పప్పా అన్నాను. ఓబలప్ప పళ్ళు అక్కడే కింద పెట్టేసి నాకు దండం పెట్టాడు. నాకు దండం ఎందుకో అర్థం కాలేదు.

జూన్ 4

ఇవాళ కూడా అక్కయమ్మే తినిపించింది.

జూన్ 5

 

పొద్దున గంజి అక్కయమ్మకి ఇవ్వబోతే, "నువ్వే ఇయ్యి" అన్నాడు. రెండు చెంచాలు తాగాక అన్నాడు,

"నీ ముక్కు సంగతి నాకు తెలుసు."

చెంచా గాలిలోనే ఆగిపోయింది.

"ఏం తెలుసు?"

"బంగారపేట దగ్గర నిలిపినాము చూడు, పోయిన సంవత్సరానికి ముందు. పాలు పొయ్యి మీద పెట్టినావు. మాడి మాడి నల్లగయినాయి. పక్క లారీ ఆయన పరిగెత్తుకోని వచ్చినాడు, ఏమప్పా ఇంత కంపు అని. నాకు తెలవదు, సరే. నువ్వు ఆ పొయ్యి పక్కనే కూర్చోని పూలు కడతా ఉండావు. ఆ పొద్దు తెలిసింది నాకు."

"మరి నన్నెందుకు అడగలేదు?"

"దాచుకుంటా ఉండావు. దాచుకోనీలే అనుకుంటి. ఆ పొద్దు నుంచే క్యాండిల్ పట్టేది."

చెంచా గిన్నెలో పెట్టేశాను.

"గని మూసినాక క్యాండిల్ ఎందుకు పడతానే నేను? నాకేమన్నా పిచ్చా?" అన్నాడు. "ముక్కులు లేని ఇద్దరము గ్యాసు పెట్టుకోని ఊర్లు తిరగతాండాము. పొద్దున్నే అగ్గిపెట్టె తీసుకోని లోపలికి పొయ్యేది నువ్వు. ఎవురో ఒకరు నీకంటే ముందు పోవాల గదా."

ఏడాదిన్నర. రోజూ పొద్దున "నువ్వు బయటే ఉండు" అన్నాడు. రోజూ పొద్దున నేను వెక్కిరించాను.

"మరి ఆ పొద్దు వాసన ఉండాదా అని నన్నెందుకు అడిగినావు?"

"రోజూ అడగతా గదా. అడగకపోతే నాకు తెలుసునని నీకు తెలిసిపోతాది."

గిన్నె కింద పెట్టి ఏడ్చాను. అక్కయమ్మ చూస్తోందని కూడా లేదు. ఆయన కాలిన చెయ్యి ఎత్తలేడు. ఎత్తగలిగితే ఏం చేసేవాడో నాకు తెలుసు.

నేను కళ్ళు తుడుచుకున్నాక అన్నాడు, "మా గ్యాంగులో అయితే నన్ను గూడా కేజ్ ఎక్కనియ్యరు. దాచినోడే గదా నేనూ."

జూన్ 6

బండి అమ్మొద్దని సీనప్పతో ఆయనే చెప్పాడు. సీనప్ప నా వైపు చూశాడు. నేను కూడా అతని వైపు చూశాను.

జూన్ 19. మారికుప్పం.

ఇంటికి వచ్చాం. కుడిచేతి రెండు వేళ్ళు ఇంక పూర్తిగా ముడుచుకోవట. నేను వీధి కుళాయి దగ్గరికి పోతే ఇద్దరు మాటలు ఆపేశారు. ఆపితే ఆపనీ. మేస్త్రి ఎట్లున్నాడమ్మా అని మూడో ఆమె అడిగింది. మేస్త్రి అనే అడిగింది.

జూన్ 26

ఓబలప్ప బండి నడిపాడు. ముళబాగిలు వెళ్ళాం. ఈసారి సిలిండరు నేనే చంకనేసుకుని రోడ్డు దాటాను. వెనక ఆయన, కట్టు కట్టిన చెయ్యి గుండెకి ఆనించుకుని. సంచిలోంచి నేను కొన్న బరువైన రెగ్యులేటరు తీసి ఆంజినప్ప బల్ల మీద పెట్టాను, కాలిన గుడ్డతో సహా.

ఆంజినప్ప దాన్ని చూశాడు. మా ఆయన చేతిని చూశాడు.  స్టూలు తెచ్చి ఆయన్ని కూర్చోబెట్టాడు.

"నువ్వు చెప్పినావప్పా. నేను వినలేదు" అన్నాను.

"నేను అమ్మకుండా ఉండాల్సింది తల్లీ. కొనేవాళ్ళు గట్టిగా అడిగితే ఇచ్చేస్తాము, అదే తప్పు" అన్నాడు.

సిలిండరు మూతి గుడ్డతో తుడిచి, లోపలి రబ్బరు వాషరు మార్చాడు. మూడు రెగ్యులేటర్లు ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూశాడు. మొదటిది ఊగింది. రెండోది కూర్చుంది కానీ ఆంజినప్ప తల అడ్డంగా ఊపాడు. మూడోది, అన్నిటికంటే తేలికైనది, టక్కుమని పట్టుకుంది. నన్ను ఊపి చూడమన్నాడు. ఊపాను, కదల్లేదు. కొత్త ట్యూబు వేసి, సబ్బునీళ్ళు రాసి, బుడగలు వస్తున్నాయేమో నన్నే చూడమన్నాడు. కళ్ళు ఉన్నాయి కదా నాకు. రాలేదు.

బయటికి వచ్చాక పాత రెగ్యులేటర్ని రోడ్డు పక్క బండ మీద పెట్టి రాయి తీసుకున్నాను. కట్టుబాటు ప్రకారం చూసినవాళ్ళే పగలగొట్టాలి. నాలుగు దెబ్బలకి గానీ పగల్లేదు. ఆయన పక్కన నిలబడి లెక్కపెట్టాడు.

జూన్ 27. శ్రీనివాసపురం, చౌడప్ప తోట.

అక్కడికే వెళ్దాం అన్నది ఆయన. కాయలు అయిపోవచ్చాయి. నిన్న సాయంత్రం చౌడప్ప ఒక బుట్ట ఇచ్చాడు, బండిలోనే పెట్టాం.

పొద్దున లేచి వెనక తలుపు దగ్గరికి వెళ్ళాను. ఆయన నా వెనకే వచ్చాడు. ఎడమచెయ్యి చొక్కా జేబులోకి పోయింది. క్యాండిల్ అక్కడ లేదు, నేనే పారేశాను. ఇద్దరం ఆ మూసిన తలుపుని చూస్తూ నిలబడ్డాం.  సబ్బునీళ్ళు చూశాను, నాబు కట్టాను, అన్నీ చేశాను. అయినా తలుపు మీద చెయ్యి వెయ్యలేకపోయాను.

డెయిరీకి పాలు పోయడానికి క్యాను ఎత్తుకుని ఒకామె గట్టు మీద పోతోంది. ఆయన ఆమెని పిలిచాడు.

"అమ్మా, ఒక్క నిమిషం ఇట్లా రామ్మా. మా ఇద్దరికీ ముక్కులు లేవు. ఈ బండిలో గ్యాసు వాసన ఉండాదేమో చూసి చెప్పి పో."

రెండేళ్ళు దాచిన మాట. తోటలో కాయలు కోసేవాళ్ళందరికీ వినపడేలా అన్నాడు. ఆమె క్యాను దించి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. పేరు చెన్నమ్మ అట. నేను తలుపు తీసి పక్కకి జరిగాను. చెన్నమ్మ కొంగు నడుముకి దోపుకుని, తల లోపలికి పెట్టి, నేల దాకా వంగి గట్టిగా పీల్చింది. మేమిద్దరం ఊపిరి బిగబట్టాం.

"గ్యాసు ఏమీ లేదమ్మా" అంది. "మామిడిపండ్ల వాసన ఉండాది. బండి నిండా అదే. మీకు తెలవడం లేదా?"

"లేదమ్మా" అన్నాను.

ఆమెకి రెండు పళ్ళు ఇచ్చి పంపించి, లోపలికి ఎక్కి స్టవ్వు వెలిగించాను.